పదకొండు నెలల అగ్రిమెంటును పట్టా అని చెప్పకండి: హైదరాబాద్ యూకే కన్సల్టెన్సీలకు బహిరంగ లేఖ

అమీర్‌పేట, పంజాగుట్ట, దిల్‌సుఖ్‌నగర్, కూకట్‌పల్లిలో యూకే చదువులకు పిల్లల్ని పంపే కన్సల్టెన్సీల నిర్వాహకులకూ, అక్కడ కౌన్సెలింగ్ టేబుల్ దగ్గర రోజంతా కూర్చునే తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ నమస్కారం.

మాలో వీసా ఫైళ్లు చూసేవాళ్లున్నారు, ఎకనామిక్స్ పాఠం చెప్పేవాళ్లున్నారు, మందుల ఎగుమతి కాగితాలు తయారుచేసేవాళ్లున్నారు. మీ వ్యాపారం మూతపడాలని మాకు లేదు. మీ టేబుల్ దగ్గర రోజూ వినపడే ఒక మాట గురించే ఈ ఉత్తరం. "బ్రెక్సిట్ అయ్యాక యూరప్ వాళ్లంతా వెళ్లిపోయారు అంకుల్, ఆ ఖాళీలన్నీ ఇప్పుడు మన పిల్లలకే." 2022లో ఈ మాటలో చాలా నిజం ఉండేది. 2026లో, ఘట్‌కేసర్ ప్లాటు కాగితాలు బ్యాంకులో పెట్టి లోన్ తీసుకోబోతున్న తండ్రికి ఇదే మాట చెప్పడం తప్పు. ఎక్కడ నిజం, ఎక్కడి నుంచి అబద్ధం అన్నది తేదీలతో సహా చెబుతాం.

2016 జూన్ 23న బ్రిటన్‌లో రిఫరెండం జరిగింది. యూరోపియన్ యూనియన్ నుంచి బయటికి పోదామన్నవాళ్లు 51.9 శాతం, ఉందామన్నవాళ్లు 48.1 శాతం. కాగితం మీద బయటికి వచ్చింది, అంటే బ్రెక్సిట్ అయింది, 2020 జనవరి 31న. ఆ ఏడాది డిసెంబరు 31 దాకా పాత నియమాలే నడిచాయి. అసలు మార్పు 2021 జనవరి 1న మొదలైంది. అంతకుముందు వరకూ పోలండ్‌లోని వార్సా కుర్రాడు టికెట్ కొనుక్కుని లండన్‌లో దిగేవాడు. వీసా లేదు, స్పాన్సర్ లేడు, జీతం ఇంత ఉండాలన్న షరతు లేదు. హైదరాబాద్ కుర్రాడికి మాత్రం 2011 నుంచి కంపెనీ స్పాన్సర్ చేసే కొత్త ఉద్యోగాలకు ఏడాదికి 20,700 అన్న పరిమితి ఉండేది. చదువయ్యాక రెండేళ్లు ఉండనిచ్చే పీఎస్‌డబ్ల్యూని 2012 ఏప్రిల్‌లో మూసేశారు. 2021 నుంచి ఇద్దరిదీ ఒకటే క్యూ.

ఆ క్యూ మొదట్లో మనవైపు వేగంగానే కదిలింది. 20,700 పరిమితి పోయింది. కనీస జీతం 25,600 పౌండ్లకు దిగింది. డిగ్రీ స్థాయి ఉద్యోగమే అక్కర్లేదు, ఇంటర్ స్థాయిది చాలన్నారు. 2021 జూలై 1న గ్రాడ్యుయేట్ రూట్ పేరుతో రెండేళ్ల వీసా తిరిగి వచ్చింది (మనం ఇప్పటికీ పీఎస్‌డబ్ల్యూ అనే పిలుస్తున్నాం). 2022 ఫిబ్రవరిలో కేర్ హోం ఉద్యోగాలకూ వీసా ఇచ్చారు. ఆ ఏడాదే స్టూడెంట్ వీసాల్లో మనవాళ్లు చైనాను దాటారు. 2023లో ఆరోగ్య, సంరక్షణ రంగాల వీసాలు, కుటుంబ సభ్యులను లెక్కలోకి తీసుకోకుండానే, 1,46,000 దాకా ఇచ్చారు. మీ ఆఫీసులు ఒక అంతస్తు నుంచి మూడు అంతస్తులకు పెరిగింది ఈ రెండు మూడేళ్లలోనే.

అయితే ఓటు వేసినవాళ్లలో చాలామంది కోరుకున్నది వలసలు తగ్గాలని. జరిగింది దానికి ఎదురు. ఒక ఏడాదిలో వచ్చినవారిలోంచి వెళ్లినవారిని తీసేస్తే మిగిలే నికర వలస 2023 మార్చితో ముగిసిన ఏడాదికి 9 లక్షలు దాటింది. యూరప్ నుంచి వచ్చేవాళ్లకంటే తిరిగి పోయేవాళ్లు ఎక్కువయ్యారు, ఆ చోటికి ఇండియా, నైజీరియా తదితర దేశాలవాళ్లు వచ్చారు. ఇంత పెరిగాక ఏ పార్టీ అధికారంలో ఉన్నా వెనక్కి లాగక తప్పదు. కన్జర్వేటివ్‌లు మొదలుపెట్టారు, 2024 జూలైలో వచ్చిన లేబర్ ప్రభుత్వం ఇంకా గట్టిగా లాగింది. 2025 జూన్‌తో ముగిసిన ఏడాదికి నికర వలస 2,04,000కు పడిపోయింది.

ఇక్కడ మీరు అర్థం చేసుకోవలసిన తేడా ఒకటుంది. మన ఊళ్లో ఇల్లు అద్దెకిచ్చేవాళ్లు పదకొండు నెలల అగ్రిమెంటు రాయించుకుంటారు. పట్టా భూమి సంగతి వేరు. వార్సా కుర్రాడి చేతిలో ఉండింది పట్టా లాంటిది. యూనియన్ ఒప్పందంలో రాసిన హక్కు అది, బ్రిటిష్ హోం మంత్రి ఒక్కరే కూర్చుని దాన్ని కొట్టేయలేరు. మన పిల్లలకు ఇస్తున్నది అగ్రిమెంటు. వీసా షరతులు ఇమ్మిగ్రేషన్ రూల్స్‌లో ఉంటాయి. వాటిని మార్చాలంటే కొత్త చట్టం తేనక్కర్లేదు, మార్పుల పత్రాన్ని పార్లమెంటు ముందు పెడితే చాలు. సాధారణంగా 21 రోజులకు అమల్లోకి వస్తుంది. 2025 జూలై 1న పెట్టారు, జూలై 22న అమలైంది. మీరు ఒక ఫైలుకు ఆఫర్ లెటర్ తెప్పించి, డిపాజిట్ కట్టించి, క్యాస్ (వీసాకు కావలసిన యూనివర్సిటీ అడ్మిషన్ ధ్రువీకరణ) కోసం ఎదురుచూసే సమయం దానికంటే ఎక్కువ.

ఆ ఇరవయ్యొక్క రోజుల్లో ఏం పోయిందో చూడండి. కనీస జీతం 41,700 పౌండ్లయింది. కొత్తగా స్పాన్సర్ చేయాలంటే ఉద్యోగం డిగ్రీ స్థాయిది కావాలన్నారు, దాంతో వందకు పైగా వృత్తులు జాబితా నుంచి జారిపోయాయి. బయటి దేశాల నుంచి కేర్ వర్కర్లను తెచ్చుకునే దారి పూర్తిగా మూసుకుంది. అంతకుముందు మెట్లు కూడా మీకు తెలిసినవే. 2024 జనవరి 1 నుంచి మాస్టర్స్ విద్యార్థులు స్పౌజ్‌ని తీసుకుపోలేరు, పరిశోధన కోర్సులకే ఆ వెసులుబాటు మిగిలింది. మార్చి 11 నుంచి కేర్ వర్కర్ కుటుంబానికి వీసా లేదు. ఏప్రిల్ 4న జీతం గీత 26,200 నుంచి ఒక్కసారిగా 38,700కు పెరిగింది. ఆరోగ్య, సంరక్షణ వీసాలు 2024లో 27,000 దగ్గరికి కూలాయి.

వంటవాళ్ల సంగతి అన్నిటికంటే నొప్పి కలిగించేది. 2016 ప్రచారంలో అక్కడి ఇండియన్, బంగ్లాదేశీ రెస్టారెంట్ల యజమానుల దగ్గరికి వెళ్లి, యూరప్ తలుపు మూస్తే మీ దేశాల నుంచి వంటవాళ్లను తెచ్చుకోవడం సులువవుతుందని చెప్పి ఓటు అడిగారు. 2021లో ఆ మాట కొంత నిలబెట్టుకున్నారు, షెఫ్‌కి వీసా దొరికింది. 2025 జూలై 22తో ఆ వృత్తి డిగ్రీ స్థాయిది కాదని జాబితా నుంచి తీసేశారు. పదేళ్లు తిరగకముందే ఇచ్చినదాన్ని వెనక్కి తీసుకున్నారు. హోటల్ మేనేజ్‌మెంట్ పిల్లలకు యూకే కోర్సులు చూపించేటప్పుడు ఈ ఒక్క వరుస తేదీలు వాళ్ల ముందు పెట్టండి.

పట్టాకూ అగ్రిమెంటుకూ తేడా ఎంతో చెప్పడానికి గోవా కుటుంబాలు చాలు. 1961కి ముందు పోర్చుగీసు పాలన ఉన్నందువల్ల అక్కడ చాలామందికి పోర్చుగల్ పాస్‌పోర్టు దొరికింది, దానితో ఇంగ్లండ్‌లో స్విండన్ లాంటి ఊళ్లలో స్థిరపడ్డారు. బ్రిటన్ యూనియన్ వదిలిపోయినా 2020 డిసెంబరు 31కి ముందు అక్కడ ఉన్నవాళ్ల హక్కు పోలేదు. బయటికి పోయే ఒప్పందంలోనే దాన్ని కాపాడుకున్నారు, 2021 జూన్ 30 లోపు అప్లికేషన్ పెట్టుకోమన్నారు. అలా హోదా పొందినవాళ్లు 50 లక్షలకు పైనే. అంటే బ్రిటన్ యూనియన్ నుంచి విడిపోయాక కూడా యూనియన్ ఇచ్చిన హక్కు బతికింది. మన పిల్లల విషయంలో ప్రభుత్వం ఎటు పోతోందో చూడండి. స్థిరనివాసానికి 5 ఏళ్ల బదులు 10 ఏళ్లు చేయాలని 2025 మే శ్వేతపత్రం ప్రతిపాదించింది. నవంబరులో ప్రజాభిప్రాయం అడిగినప్పుడు, ఇప్పటికే అక్కడ ఉండి ఐఎల్ఆర్ (స్థిరనివాస అనుమతి) రానివాళ్లకూ వర్తింపజేయాలన్న ఉద్దేశాన్ని దాచుకోలేదు. "ఐదేళ్లకు పీఆర్" అని మీ బ్రోషర్‌లో ఇంకా ఉంటే ఈరోజే తీసేయండి.

ఇప్పుడు డబ్బు సంగతి. బ్రిటన్ ప్రభుత్వ బడ్జెట్ లెక్కలను స్వతంత్రంగా పరిశీలించే ఆఫీస్ ఫర్ బడ్జెట్ రెస్పాన్సిబిలిటీ, యూనియన్‌లో ఉండి ఉంటే ఎలా ఉండేదో దానితో పోల్చి, దీర్ఘకాలంలో దేశ ఉత్పాదకత 4 శాతం తక్కువగా ఉంటుందని లెక్క కట్టింది. ఎగుమతి దిగుమతులు 15 శాతం తక్కువని దాని అంచనా. నాలుగు శాతమేగా అనిపిస్తుంది. కానీ ఇది ఒక్క ఏడాది పోయే వాన కాదు, ప్రతి ఏడాదీ ఆదాయం ఆ మేరకు తక్కువ మట్టంలో నడుస్తుంది. ఆ మేరకు పన్ను రాదు, కంపెనీలు కొత్త పెట్టుబడికి వెనకాడతాయి, కొత్తవాళ్లను తీసుకోవడం తగ్గుతుంది. మీ విద్యార్థి వెతికేది సరిగ్గా ఆ కొత్తవాళ్ల ఉద్యోగమే.

అటువైపు వాదన కూడా న్యాయంగా చెప్పాలి. బయటికి వచ్చినందువల్లే బ్రిటన్ ఇండియాతో సొంతంగా వాణిజ్య ఒప్పందం చేసుకోగలిగింది. 2024 డిసెంబరులో పసిఫిక్ దేశాల వాణిజ్య కూటమిలో చేరింది. 2025లో అమెరికా సుంకాలు వేసినప్పుడు యూరప్‌కు 15 శాతం పడితే బ్రిటన్‌కు 10 శాతం పడింది. తమ సరిహద్దులోకి ఎవరు రావాలో తామే నిర్ణయించుకోవాలనుకోవడం కూడా ఏ దేశానికైనా ఉండే కోరికే. ఇవన్నీ నిజమైన లాభాలు. కాకపోతే పక్కనే, గడప దాటితే ఉండే పెద్ద సంత అయిన యూరప్‌తో పెరిగిన కాగితాల ఖర్చును ఈ దూరపు ఒప్పందాలు పూడ్చలేవన్నది మా అభిప్రాయం. అయినా బ్రిటిషర్లు మంచి పని చేశారా చెడ్డ పని చేశారా అన్నది వాళ్లు తేల్చుకుంటారు. మనకు కావలసింది దాని ఫలితం మన పిల్లల మీద ఎలా పడుతోందన్నది.

యూనివర్సిటీలు మీ వెంట ఎందుకు పడుతున్నాయో కూడా ఇందులోనే ఉంది. యూనియన్‌లో ఉన్నప్పుడు జర్మనీ, గ్రీస్ పిల్లలు బ్రిటిష్ పిల్లలు కట్టే ఫీజే కట్టేవారు. ఇంగ్లండ్‌లో అది 2017 నుంచి ఏడాదికి 9,250 పౌండ్ల దగ్గరే ఆగిపోయింది, 2025లో గానీ 9,535 కాలేదు. మధ్యలో ధరలు ఎంత పెరిగాయో వేరే చెప్పక్కర్లేదు. 2021 ఆగస్టు నుంచి యూరప్ పిల్లలకూ విదేశీ ఫీజు వేశారు. వాళ్లలో చాలామంది రావడం మానేశారు, ఆ ఏడాది కొత్తగా డిగ్రీలో చేరిన యూరప్ పిల్లలు సగానికి పడిపోయారు. స్థానిక ఫీజు కదలక, యూరప్ సీట్లు ఖాళీ అయ్యాక, ఆ లోటు పూడ్చే డబ్బు మన ఏడాది మాస్టర్స్ ఫీజులోంచి పోతోంది. మొదటి ఏడాది ఫీజులో ఇంత శాతమని మీకు వచ్చే కమిషన్ అందులోదే. కమిషన్ తీసుకోవడం తప్పని మేం అనడం లేదు. యూనివర్సిటీకి విద్యార్థి అవసరం ఉన్నంత మాత్రాన ఆ దేశంలో అతనికి ఉద్యోగం ఉన్నట్టు కాదు. ఈ రెండింటినీ కలిపి చెప్పడమే తప్పు.

బీఫార్మసీ, ఫార్మ్‌డీ పిల్లలు మీ దగ్గరికి ఎక్కువగా వస్తారు కాబట్టి ఆ రంగం గురించి కాస్త వివరంగా చెబుతాం. యూరప్ మొత్తానికీ మందుల అనుమతులు చూసే యూరోపియన్ మెడిసిన్స్ ఏజెన్సీ లండన్‌లో ఉండేది, సుమారు 900 మంది పనిచేసేవారు. బ్రెక్సిట్ వల్ల 2019లో అది ఆమ్‌స్టర్‌డామ్‌కు వెళ్లిపోయింది. ఒక్క ఆఫీసు పోవడంతో ఆగలేదు. యూనియన్‌లో మందు అమ్మాలంటే అనుమతి యూరప్‌లో ఉన్న సంస్థ పేరు మీదే ఉండాలి. మందు సైడ్ ఎఫెక్టులకు బాధ్యత వహించే నిపుణుడు యూరప్‌లోనే నివాసం ఉండాలి. ప్రతి బ్యాచ్‌కూ సంతకం పెట్టే క్వాలిఫైడ్ పర్సన్ అక్కడివాడే కావాలి. జీడిమెట్ల, పటాన్‌చెరు నుంచి లండన్ మీదుగా యూరప్‌కు వెళ్లిన మన కంపెనీలు 2021కి ముందే డబ్లిన్‌లోనో మాల్టాలోనో ఇంకెక్కడో యూరప్ నేల మీద రెండో ఏర్పాటు చేసుకోవలసి వచ్చింది. కెమికల్స్‌ది కూడా అదే కథ: మన కంపెనీ తరఫున కెమికల్ రిజిస్టర్ చేయించే, బ్రిటన్‌లో ఉన్న "ఏకైక ప్రతినిధి" యూరప్ రిజిస్ట్రేషన్‌కు చెల్లడం మానేశాడు, యూరప్‌లో ఒకరు, బ్రిటన్‌లో ఒకరు, ఫీజు రెండుసార్లు. కాబట్టి డ్రగ్ సేఫ్టీ, రెగ్యులేటరీ ఎఫైర్స్ కోర్సు చూపిస్తూ "లండన్ అంటే యూరప్ ఫార్మాకు రాజధాని" అంటే అది 2018 నాటి మాట. బ్రిటన్‌కు సొంత నియంత్రణ సంస్థ ఉంది, అక్కడ ఉద్యోగాలూ ఉన్నాయి. కానీ అవి ఒక్క దేశానికి సరిపడా ఉద్యోగాలే.

ఐటీ పిల్లలకు చెప్పే "లండన్‌లో అడుగుపెడితే యూరప్ అంతా నీదే" కూడా మానేయాలి. 2020 వరకూ బ్రిటిష్ కంపెనీలో పద్ధతిగా పనిచేస్తున్న హైదరాబాద్ ఇంజినీరును ఆ కంపెనీ ఫ్రాంక్‌ఫర్ట్ క్లయింటు దగ్గరికి కొన్ని నెలలు పంపవచ్చు, అక్కడ విడిగా వర్క్ పర్మిట్ అక్కర్లేదు. వాండర్ ఎల్స్ట్ కేసులో యూరప్ కోర్టు ఇచ్చిన తీర్పు వల్ల వచ్చిన వెసులుబాటు అది. 2021 నుంచి బ్రిటిష్ కంపెనీలకు అది లేదు. డబ్లిన్ కంపెనీకి ఉంది.

తేదీల లెక్కకు వద్దాం. మీ కౌన్సెలర్లలో చాలామంది పొరపాటు చేస్తున్నది ఇక్కడే, పిల్లవాడికి ఆరు నెలలు ఇట్టే పోతున్నదీ ఇక్కడే. 2027 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ గ్రాడ్యుయేట్ రూట్‌కు అప్లై చేసేవారికి వచ్చేది రెండేళ్లు కాదు, 18 నెలలు. పీహెచ్‌డీ వాళ్లకు మాత్రం మూడేళ్లే ఉంటుంది. లెక్కలోకి వచ్చేది అప్లై చేసే రోజు. చేరిన రోజు కాదు, కోర్సు ముగిసిన రోజు కూడా కాదు. అప్లై చేయాలంటే రిజల్ట్ వచ్చి, కోర్సు పూర్తయిందని యూనివర్సిటీ హోం ఆఫీసుకు (బ్రిటన్ హోం శాఖకు) తెలియజేసి ఉండాలి. అప్పటికి విద్యార్థి యూకేలోనే ఉండాలి, స్టూడెంట్ వీసా గడువు మిగిలి ఉండాలి.

2025 సెప్టెంబరు ఇన్‌టేక్ పిల్లల్ని తీసుకోండి. 12 నెలల కోర్సు 2026 సెప్టెంబరులో ముగుస్తుంది. వీసా ఇంకో నాలుగు నెలలు, అంటే జనవరి దాకా ఉంటుంది. డిసర్టేషన్ (కోర్సు చివర రాసే పెద్ద వ్యాసం) టైముకు ఇచ్చి, నవంబరులోనో డిసెంబరులోనో బోర్డు రిజల్ట్ ఇచ్చి, యూనివర్సిటీ వెంటనే రిపోర్ట్ చేస్తే, డిసెంబరు 31 లోపు అప్లై చేసి రెండేళ్లు పొందవచ్చు. డిసర్టేషన్‌కు ఎక్స్‌టెన్షన్ అడిగినా, ఒక్క సబ్జెక్టు పరీక్ష మళ్లీ రాయాల్సి వచ్చినా రిజల్ట్ జనవరికి జారుతుంది. అప్పుడు 18 నెలలే. ఆ రిజల్ట్ వీసా గడువు దాటిపోతే అదీ ఉండదు. 2026 జనవరి ఇన్‌టేక్‌లో వెళ్లిన 12 నెలల కోర్సు పిల్లలకు, ఇప్పుడు మీరు ఫైళ్లు కడుతున్న 2026 సెప్టెంబరు పిల్లలకు 18 నెలలే అని ముందే రాసిపెట్టుకోండి. ఇప్పటికే మీ ద్వారా వెళ్లి అక్కడ చదువుతున్న పిల్లలకు ఈ విషయం మీరే ఫోన్ చేసి చెప్పండి. వాళ్లలో ఎక్స్‌టెన్షన్ ఫారం నింపబోతున్నవాళ్లు ఉండవచ్చు.

ఆ 18 నెలల్లో ఏం సాధించాలి? డిగ్రీ స్థాయి ఉద్యోగం, స్పాన్సర్ లైసెన్స్ ఉన్న కంపెనీలో. కొత్తగా ఉద్యోగంలోకి వచ్చేవాళ్లకు రాయితీ ఉంది: ఏడాదికి 33,400 పౌండ్లు గానీ, ఆ వృత్తికి నిర్ణయించిన రేటులో 70 శాతం గానీ, ఏది ఎక్కువైతే అది. ఒక వృత్తి రేటు 50,000 అనుకుందాం. అందులో 70 శాతం 35,000. అంటే 33,400 ఇస్తామన్న ఆఫర్ చెల్లదు. ఈ రాయితీ మొత్తం నాలుగేళ్లు, అందులో గ్రాడ్యుయేట్ రూట్‌లో గడిపిన 18 నెలలూ కలిసిపోతాయి. మిగిలేది రెండున్నరేళ్లు. ఆ తర్వాత పూర్తి రేటు, లేదా 41,700, ఏది ఎక్కువైతే అది చూపించాలి. కంపెనీ వైపు ఖర్చు కూడా చెప్పండి. పెద్ద కంపెనీ అయితే 2025 డిసెంబరు 16 నుంచి ఏడాదికి 1,320 పౌండ్ల స్కిల్స్ చార్జి (విదేశీ ఉద్యోగిని తీసుకున్నందుకు ప్రభుత్వానికి కట్టేది) ముందే కట్టాలి, మూడేళ్లకు 3,960. సర్టిఫికెట్ ఆఫ్ స్పాన్సర్‌షిప్‌కు (సీఓఎస్) 2025లో 525 వేరే. అదే పనికి ఏ ఖర్చూ లేని స్థానికుడు ఎదురుగా కూర్చుంటే కంపెనీ ఎటు చూస్తుందో చెప్పనక్కర్లేదు.

"ముందు ఏదో ఒక స్టోర్‌లో ఫుల్‌టైం చేసుకుంటాడు, తర్వాత అదే కంపెనీ స్పాన్సర్ చేస్తుంది" అన్న మాట లెక్కకు ఆగదు. 2025 ఏప్రిల్ నుంచి 2026 మార్చి దాకా కనీస వేతనం గంటకు 12.21 పౌండ్లుండేది. వారానికి 37.5 గంటలు, 52 వారాలు చేస్తే ఏడాదికి సుమారు 23,800. 33,400కు ఇంకా పదివేల దూరం ఉండేది. ఆ దూరం దాటినా స్టోర్ ఉద్యోగం డిగ్రీ స్థాయిది కాదు. చదివేటప్పుడైతే టర్మ్ టైంలో వారానికి 20 గంటలే. ఆ డబ్బుతో లోన్ ఈఎంఐ కూడా కడతాడని లెక్క వేసి చూపించకండి, దయచేసి.

ఫండ్స్, అంటే వీసాకు ఖాతాలో చూపాల్సిన ఖర్చుల డబ్బు విషయం. 2025 నవంబరు 11 నుంచి లండన్‌లో నెలకు 1,529, బయట 1,171 పౌండ్లు చొప్పున తొమ్మిది నెలలకు చూపాలి. లండన్ అయితే 13,761, బయట 10,539. ట్యూషన్ బాకీ దీనికి అదనం. పౌండు 120 రూపాయలు వేసుకుంటే బయటి మొత్తం 12 లక్షల 65 వేలకు దగ్గర. 28 రోజులు వరుసగా ఈ మొత్తం తగ్గకూడదు, ఆఖరి బ్యాలెన్స్ తేదీ అప్లికేషన్‌కు 31 రోజుల లోపుదై ఉండాలి. ఎక్కువ ఫైళ్లు చెడేది మూడు చోట్ల. పదిహేడో రోజు ఎవరో యూపీఐలో ఏదో కట్టారు, బ్యాలెన్స్ గీత కిందికి దిగింది. ఒక్క రోజు దిగినా 28 రోజులు మళ్లీ మొదటి నుంచే. రెండోది మేనమామ ఖాతా. సొంత ఖాతా, తల్లిదండ్రుల ఖాతా చెల్లుతాయి. తల్లిదండ్రులదైతే బర్త్ సర్టిఫికెట్, సమ్మతి లేఖ జతచేయాలి. మామ, బాబాయి, అన్న ఎంత దగ్గరివాళ్లైనా వాళ్ల ఖాతా చెల్లదు. మూడోది మారకం. రూపాయల్ని పౌండ్లలోకి మార్చేది అప్లై చేసిన రోజు ఓఆండా అనే వెబ్‌సైట్ చూపే రేటుతో. పౌండు పెరిగితే నిన్నటికి సరిపోయిన డబ్బు ఇవాళ చాలదు. 2016 జూన్ 23న పౌండు సుమారు 100 రూపాయలు, మర్నాడు 93 దగ్గరికి, ఆ అక్టోబరుకు 82 చుట్టూ పడింది. ఆ రోజుల్లో వెళ్లినవాళ్లకు ఫీజు కలిసొచ్చింది. ఇప్పుడు అటు తిరిగింది, కనీసం ఐదు శాతం పైన పెట్టించండి.

ఎడ్యుకేషన్ లోన్ అయితే 28 రోజుల నిల్వ అక్కర్లేదు, లెటర్ తేదీ ఆరు నెలల లోపుదై ఉంటే చాలు. ఇంత సూటి దారి ఉండగా, నూటికింత వడ్డీకి నెల రోజులు ఖాతాలో డబ్బు పెట్టించే మనుషుల్ని పరిచయం చేసే అలవాటు మీలో కొందరికి ఉంది. బ్యాంకు కాగితం తప్పుడుదని తేలితే వీసా పోవడమే కాదు, పదేళ్లు మళ్లీ రానివ్వరు. ఇరవై రెండేళ్ల పిల్లవాడికి పదేళ్లు. ఆ మనిషి, మీరు, మీ ఆఫీసు ఇక్కడే ఉంటారు. నిషేధం మోసేది వాడొక్కడే.

సీఓఎస్ అమ్మకం గురించి గట్టిగా చెప్పక తప్పదు. స్పాన్సర్‌షిప్ సర్టిఫికెట్ అమ్మకపు వస్తువు కాదు. స్కిల్స్ చార్జిని ఉద్యోగి మీద వేయకూడదు. 2024 డిసెంబరు 31 నుంచి ఇచ్చే సర్టిఫికెట్ల ఫీజునూ ఉద్యోగి నుంచి వసూలు చేయకూడదని స్పాన్సర్లకు నియమం పెట్టారు. కాబట్టి "ఇన్ని లక్షలకు సీఓఎస్ ఇప్పిస్తాం" అన్న ఎవరి మాటా సక్రమమైనది కాదు. కేర్ హోం లైసెన్స్ రద్దయితే అందులోని ఉద్యోగికి ఇంకో స్పాన్సర్‌ను వెతుక్కోవడానికి సాధారణంగా ఇచ్చేది 60 రోజులు. ఇక్కడ చీటీ పాడి, బంగారం పెట్టి లక్షలు కట్టినవాళ్లకు ఆ అరవై రోజుల్లో తిరిగి వచ్చేదేమీ ఉండదు.

వాణిజ్య ఒప్పందం పేరుతో కొత్తగా వినిపిస్తున్న మాటలకూ హద్దు పెట్టండి. ఇండియా, బ్రిటన్ 2025 జూలై 24న సంతకాలు చేశాయి. దానితో స్టూడెంట్ వీసా షరతు గానీ జీతం గీత గానీ ఒక్క పౌండు తగ్గదు. వంటవాళ్లు, యోగా శిక్షకులు, శాస్త్రీయ సంగీత కళాకారులు కలిపి ఏడాదికి 1,800 మందికి తాత్కాలిక అవకాశం ఉంది. కంపెనీ తరఫున కొంతకాలానికి వెళ్లే ఉద్యోగులకు ఆ కాలానికి అక్కడి సోషల్ సెక్యూరిటీ కట్టక్కర్లేదు. అది ఇక్కడి ఐటీ కంపెనీకి లాభం, మీ విద్యార్థికి కాదు. యంగ్ ప్రొఫెషనల్స్ స్కీమ్ మాత్రం నిజంగా మంచిది. 18 నుంచి 30 ఏళ్ల డిగ్రీవాళ్లకు ఏడాదికి 3,000 వీసాలు, రెండేళ్లు, స్పాన్సర్ అక్కర్లేదు. ఎంపిక లాటరీ పద్ధతిలో. లాటరీలో పేరు వేయడం ఉచితం, గవర్నమెంట్ వెబ్‌సైట్‌లో ఎవరికివారే పేరు, పాస్‌పోర్ట్ వివరాలు ఇచ్చి వేసుకోవచ్చు. దానికి రిజిస్ట్రేషన్ చార్జి అని మీరెవరూ తీసుకోకండి. తీసుకుని ఉంటే తిరిగి ఇచ్చేయండి.

మేం అడిగేది ఒక్క కాగితం. డిపాజిట్ కట్టించుకునే ముందు, తెలుగులో, ఒక పేజీలో, తల్లిదండ్రులు చదువుకునేలా రాసి ఇవ్వండి. ఈ కోర్సు ఎప్పుడు ముగుస్తుంది, గ్రాడ్యుయేట్ రూట్‌లో ఎన్ని నెలలు వస్తాయి, ఆ వృత్తికి ఈరోజు జీతం గీత ఎంత, స్పౌజ్‌కి వీసా లేదు, స్థిరనివాసం ఐదేళ్లని హామీ లేదు, ఈ నియమాలు 21 రోజుల్లో మారవచ్చు, మా కన్సల్టెన్సీకి ఈ అడ్మిషన్ మీద యూనివర్సిటీ నుంచి కమిషన్ వస్తుంది. కింద తేదీ వేసి మీ కౌన్సెలర్ సంతకం పెట్టాలి, తండ్రో తల్లో సంతకం పెట్టాలి. ఒక కాపీ వాళ్లకు, ఒకటి మీ ఫైల్లో. నియమం మారిన రోజు ఆ కాగితం మార్చండి. అది చదివాక కొందరు లేచి వెళ్లిపోవచ్చు. కూర్చున్నవాళ్ల ఫైలు మొదలుపెట్టండి.

ఇట్లు,
ఈ ఊళ్లోనే ఉండి ఈ ఫైళ్లూ ఈ లెక్కలూ చూసే కొందరం
హైదరాబాద్